యాకోబు సార్ ముందు బ్రేకు

యాకోబు సార్ తన మోటారు సైకిలును ఏనాడూ ఆపి ఎరగరు. అది ఆగేదాకా ఓపిక పట్టేవారు, అంతే.

ఆ పాత బుల్లెట్టు వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. బాపట్లలో పాస్టరుగా చేసిన సార్ మేనమామ వాడినన్నాళ్ళు వాడి, ఇక నా వల్ల కాదని ఈయనకు అంటగట్టాడు. వెనక బ్రేకు తొక్కితే బండి కాస్త ఆలోచనలో పడేది. ముందు బ్రేకు పట్టుకుంటే అదీ లేదు. మా యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేసే సార్, తార్నాకలో తన ఇంటి ముందు ఆగడానికి క్యాంపస్ దాటకముందే ప్రయత్నం మొదలుపెట్టేవారు. డుబుడుబు చప్పుడు వినగానే భార్య హెలెనమ్మ గారు పొయ్యి మీది కూర దించి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పక్కకు జరిగి నిలబడేవారు. లోపల గోడకు రంపపు పొట్టు కుక్కిన రెండు గోనె సంచులు ఆనించి ఉండేవి. "హెలెన్, వచ్చా!" అనే కేకా, ముందు చక్రం సంచిని గుద్దిన చప్పుడూ ఒకేసారి వినపడేవి.

నాకు ఆయన పరిచయమైంది కూడా ఇంచుమించు అలాగే. 2009లో పీజీలో చేరడానికి ఆలేరు నుంచి వచ్చి, ల్యాబు మెట్ల ముందు నిలబడి హాస్టలు ఎటని ఎవరినో అడుగుతున్నాను. వెనక నుంచి "జరగండి నాయనా, బ్రేకుల్లేవు!" అని పెద్ద కేక. ఎగిరి గన్నేరు పొదలో పడ్డాను. బండి ఇంకో ఇరవై గజాలు పోయి, ఒక వేపచెట్టును ఆనుకుని నిలబడింది. ఆయన తాపీగా నడిచివచ్చి నా చొక్కాకంటిన ఆకులు దులిపారు.

"చెప్పాను కదా అబ్బాయ్, బ్రేకుల్లేవని."

"మరి ఏయించుకోవచ్చు గద సార్!"

"అన్నం తిన్నావా?"

అదీ ఆయన పద్ధతి. బ్రేకు మాట ఎత్తితే అన్నం మాట ఎత్తేవారు. ఆ పూట వాళ్ళింట్లో హెలెనమ్మ గారి చేతి చేపల పులుసు తిన్నాను. దానికి ముందు ఆయన వెనక కూర్చుని వెళ్ళినందుకు గోనె సంచి దెబ్బ కూడా తిన్నాను.

ఓ నెల బతిమాలి, చివరికి సీతాఫల్‌మండిలో ప్రేమ్ కుమార్ అనే మెకానిక్ దగ్గరికి లాక్కుపోయాను. అతను ముందు చక్రం విప్పి చూసి నాలుక కరుచుకున్నాడు.

"సార్, బ్రేకు డ్రమ్ముల చక్రాన్ని పట్టే షూలు రెండున్నయి. ఒక్కటే గట్టిగ పట్టుకుంటది. రెండోది ఊకె పేరుకే ఉంటది."

"మా డిపార్టుమెంటూ అంతే కదయ్యా."

"రెండూ సమానంగ పట్టే ప్లేటు ఉంటది, గది ఏస్త. లేకుంటే డిస్కు బ్రేకే పెడదాం. ఒక్క ఏలుతోని ఆగుతది."

"వద్దు ప్రేమ్ కుమారూ. బ్రేకులున్నవాడు ముందేముందో చూసుకోడు. లేనివాడు అరమైలు ముందే చూసుకుంటాడు. ఇద్దరిలో జాగ్రత్తపరుడెవడు?"

ప్రేమ్ కుమార్ నా మొహం చూశాడు. నేను చక్రం వైపు చూశాను. బండి ఎలా వచ్చిందో అలాగే ఇంటికి పోయి, అలాగే సంచిని గుద్దింది.

ఆ ఏడాది చివర్లో తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను కుదిపేసింది. మేమంతా రోడ్డు మీదే ఉండేవాళ్ళం. వెయ్యిమంది ఊరేగింపు కూడా యాకోబు సార్ కేక వినపడగానే రెండుగా చీలి దారి ఇచ్చేది. మాలో ఎవడో "ఆంధ్రా బండిరా, మన మాట యాడింటది!" అనేవాడు. "రాష్ట్రం తర్వాత తీసుకుందురు గానీ, ముందు దారివ్వండి నాయనా!" అని ఆయన అరిచేవారు. నినాదాలు ఆపి మరీ నవ్వేవాళ్ళం.

తార్నాక వైపు గేటు దగ్గర పోలీసులు ఇనుప బారికేడ్లు పెట్టారు. వచ్చేవాళ్ళను ఆపి సంచులు వెతికేవారు, చాలామందిని వెనక్కి పంపేవారు. మొదటిరోజు యాకోబు సార్ బండి బారికేడును గుద్ది నాలుగు గజాలు తోసుకుపోయింది. ఆ తర్వాత నుంచి ఆ కేక వినపడితే చాలు, సూర్యనారాయణ అనే కానిస్టేబుల్ పరుగెత్తి బారికేడు పక్కకు లాగేవాడు. డ్యూటీ మారేటప్పుడు కొత్తవాళ్ళకు కూడా అప్పజెప్పేవాడు: "గా సార్ బండి ఆగదు. జరుపుండ్రి, లేకుంటే మీదికొస్తది."

హాస్టలు మెస్సులు మూతపడిన రోజుల్లో ఆ బండికి రెండు పక్కలా వేలాడే సంచుల్లో హెలెనమ్మ గారి పులిహోర మాకు చేరేది. సంచిలో ఏముందని అడగాలంటే ముందు బండి ఆగాలి కదా.

నాకు మాత్రం దడగానే ఉండేది. "సార్, గింతమంది పోరగాళ్ళు తిరుగుతున్నరు. ఎవరికన్న తగులుతది. ఇప్పుడన్న ఏయించుకోండ్రి."

"అన్నం తిన్నావా?"

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం క్యాంపస్ అంతా బాష్పవాయువు కమ్మింది. మా క్లాసు ప్రవళికకు ఉబ్బసం. ల్యాబు వరండాలో కూలబడిపోయింది. పీల్చే మందు డబ్బా ఖాళీ. ఆటోల్లేవు. అంబులెన్సుకు ఫోను కలవడం లేదు. పిల్ల పెదాలు నీలం తిరుగుతున్నాయి. యాకోబు సార్ మొహానికి తడిగుడ్డ కట్టుకుని బయటికి వచ్చి బండి స్టార్టు చేశారు.

"మధ్యలో కూర్చోబెట్టు. నువ్వు వెనక కూర్చుని గట్టిగా పట్టుకో."

గేటు కనపడగానే కేక వేశారు. "జరగండి నాయనా! బ్రేకుల్లేవు!" సూర్యనారాయణ బారికేడు లాగేశాడు, మిగతా పోలీసులు గోడ వైపు దూకారు, మేం దూసుకుపోయాం. అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. ఆస్పత్రి ముందు ఈ బండి ఆగేదెలా? గోనె సంచులు ఇంటి దగ్గరున్నాయి!

ఆస్పత్రి మలుపులో జామపళ్ళమ్మే సాలమ్మ గంపెత్తుకుని సరిగ్గా మాకు ఎదురొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. నా ముక్కు ప్రవళిక వీపుకూ, ప్రవళిక ముక్కు సార్ వీపుకూ తగిలాయి. ఇంకేమీ తగలలేదు. కళ్ళు తెరిచి చూస్తే ముందు చక్రం సాలమ్మకు జానెడు దూరంలో కదలకుండా నిలబడి ఉంది.

సాలమ్మ పారిపోవడం కూడా మరచిపోయింది. "ఏంది సారూ, పానం మంచిగలేదా? ఆగినవ్!"

"సార్... ఆగింది!" అన్నాను.

"నోరు ముయ్యవోయ్," అన్నారు సార్.

ఆస్పత్రిలో మందు పట్టిన పావుగంటకు ప్రవళిక ఊపిరి కుదుటపడింది. పెదాలకు రంగొచ్చింది. మాస్కు తీసి ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి మాట: "బాలస్వామీ, సార్ బండి నిజంగనే ఆగిందా, నాకు గట్ల అనిపించిందా?" అమ్మయ్య అని బెంచీ మీద చతికిలబడ్డాను.

బయటికి వచ్చి ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాను. బురదా గ్రీసూ కలిపి దట్టంగా పూసి ఉంది. వేలితో గీకితే లోపల కొత్త ప్లేటు తళుక్కుమంది. పాత బ్రేకు తీగ ముక్క ఒకటి తెగినట్టు వేలాడుతోంది, ఉత్త చూపుకు.

"ఎప్పుడు ఏయించిండ్రు సార్?"

"బారికేడు గుద్దిన మర్నాడే. బారికేడు కాబట్టి సరిపోయింది. పిల్లలంతా రోడ్డు మీదే ఉంటిరి, భయమేసిందయ్యా."

"మరి డిస్కు ఏయించలే?"

"డిస్కయితే బయటికి కనపడుతుంది. డ్రమ్ము లోపలి షూలు ఎవడు చూడొచ్చాడు? బ్రేకులున్నాయని తెలిస్తే గేటు దగ్గర ఆపమంటారు. ఆపితే పులిహోర మీదాకా వస్తుందా?"

"ఇంటి కాడ గోనె సంచులో?"

"హెలెన్‌కూ చెప్పలేదు. ఆవిడకు అబద్ధమాడటం రాదు. అందుకని రోజూ గుద్దక తప్పడం లేదు," అని నడుము పట్టుకున్నారు.

నాలుగేళ్ళు గడిచాయి. రాష్ట్రం వచ్చింది, గేటు దగ్గర బారికేడ్లు పోయాయి. ఒక సాయంత్రం తార్నాక హోటల్లో సార్‌తో చాయ్ తాగుతుంటే మామూలు బట్టల్లో సూర్యనారాయణ వచ్చాడు.

"నమస్తే సార్. నా పాత బండికి గూడ మీ దాని లెక్కనే ముందు బ్రేకు ఏయించిన. ప్రేమ్ కుమార్ దగ్గర్నే."

సార్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "నా బండికి బ్రేకెక్కడిదయ్యా?"

"కొత్త సంవత్సరం నాడు మీరు గేటు దాటినంక కుక్కపిల్ల అడ్డమొచ్చింది సార్. టక్కున ఆపిండ్రు. నేను చూసిన."

"చూసీ బారికేడు జరిపావా? నేను గొంతు చించుకుని అరుస్తుంటే వింటూ ఊరుకున్నావా?"

"మా తమ్ముడు గా హాస్టల్లనే ఉంటుండె సార్. పులిహోర మస్తుంటదని చెప్పిండు."

యాకోబు సార్ గ్లాసు కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, "అన్నం తిన్నావా?" అన్నారు.

రెండు బళ్ళూ తార్నాక సందులోకి తిరిగాయి. హెలెనమ్మ గారు గేటు రెండు రెక్కలూ తెరిచి, గోడవారకు జరిగి, చెవులు మూసుకున్నారు. ఇద్దరూ సరిగ్గా గేటు ముందు, గీత గీసినట్టు ఆపారు. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసి కంగారు పడ్డారు.

"ఏమైందండీ, పెట్రోలైపోయిందా?"