విప్పి బిగించిన బంపరు

బంపరంటే కారుకి మొహం, మొహం వంకరైతే ఒంటికి ఎంత రంగేసినా దండగే. పెద్దక్క బతికున్నన్నాళ్లూ ఆ షెడ్డులో ఈ మాటకి ఎదురు లేదు.

షెడ్డు నాన్న నుంచి అక్కాతమ్ముళ్లిద్దరికీ వచ్చింది. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు, రెండే సీట్లుండి పైకప్పు మడిచేసే రకం, తుప్పు పట్టి అక్కడికి చేరేవి. రేకు పనీ రంగు పనీ తమ్ముడివి. బంపరు మొదలుకుని మెరిసేదల్లా పెద్దక్కది. పెళ్లి మాటెత్తిన చుట్టాలకి ఆమె కార్లని చూపించేది. "ఇంతమంది మొగుళ్లున్నారు నాకు. ఒక్కడూ చెప్పిన మాట వినడు. ఇంకొకణ్ణి ఎక్కడ తెచ్చి పెట్టుకోను?"

ఒక చలికాలం ఆమె షెడ్డు మెట్ల మీద జారిపడింది. విరిగిన మోచెయ్యి అతుక్కుంది గానీ, కుడిచేతి చివరి రెండు వేళ్లకీ స్పర్శ తిరిగి రాలేదు. ఆమె షెడ్డుకి తిరిగొచ్చేసరికి తమ్ముడు ముందు గది శుభ్రం చేయించి, బల్ల వేసి, ఫోను పెట్టి ఉంచాడు.

"ఇకనుంచి ఇక్కడ కూర్చోక్కా. ఫోను చూసుకో."

"ఫోన్ని చూసేదేముందిరా? మోగాల్సినప్పుడు అదే మోగుతుంది."

"వెటకారం వద్దు. వేళ్లు పనిచెయ్యవు కదా."

"పనిచెయ్యనివి రెండు. మిగతావి ఏం పాపం చేశాయి?"

మరదలు నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. "వదినని ఒక్కసారి చెయ్యనిచ్చి చూడండి" అంది మొగుడితో. తమ్ముడు సరేనంటూనే మెలిక పెట్టాడు. పళ్ల డాక్టరుగారి ఎర్ర కారుకి ముందు బంపరు పెద్దక్కే బిగించాలి. సరిగ్గా కూర్చుందా, ఆమె పని ఆమెది. లేదంటే ముందు గదే గతి.

బంపరు చూడ్డానికి ఒకటే ముక్క. వెనక మాత్రం పెద్ద సంసారం ఉంటుంది. చట్రం నుంచి ముందుకి చాచిన రెండు ఇనప చేతులు, వాటి మీద అడ్డంగా ఒక పట్టీ, పట్టీకి బంపరు, బంపరు మీద కోరల్లాంటి రెండు నిలువు ముక్కలు. అన్నిటినీ ముందు వదులుగా తగిలించాలి. ఊపితే ఊగాలి. ఆ తర్వాత మధ్యలోంచి చివరలకి ఒక్కో బోల్టునీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. బిగించినప్పుడల్లా పెద్దక్క బంపరుకీ రేకుకీ మధ్య సందులో చిటికెనవేలు దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించేది. వేలికి ఇరుకనిపించిన చోట ఆగి సరిచేసేది. ఇప్పుడు మొద్దుబారింది ఆ వేలే.

ఇనప చేతులు రెండూ కవలల్లా ఉంటాయి. కుడిదాని వంపు ఒకవైపుకి, ఎడమదాని వంపు రెండోవైపుకి. ఏది కుడో ఏది ఎడమో చెప్పే గుర్తులు కొత్తగా వేసిన నల్లరంగు కింద మరుగున పడిపోయాయి. ఇదివరకైతే వేళ్లతో నిమిరితే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది. ఆ రోజూ అలాగే నిమిరింది, తెలిసిందనే అనుకుంది. చివరి బోల్టు బిగించి వెనక్కి జరిగి చూస్తే, బంపరు తిట్లు తింటున్న పిల్లాడిలా నేల చూపులు చూస్తోంది. ఎడమ కొస కొత్త రంగుని గీరేసింది కూడా.

సరిగ్గా అప్పుడే తమ్ముడు డాక్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడే పాత కార్ల ఊరేగింపు. తమ్ముడు గీత చూశాడు, బంపరు చూశాడు.

"చెప్పానా? రెండు చేతులూ తారుమారు చేశావు. జరుగు, నేను చేస్తాను."

పెద్దక్క జరగలేదు. పానా పట్టుకుని కారుకి అడ్డంగా నిలబడింది.

"తప్పు నాదే. వేళ్లకి తెలియకే జరిగింది, అదీ ఒప్పుకుంటున్నా. విప్పేదీ నేనే, పెట్టేదీ నేనే."

"మాట మాటే కదక్కా?"

"మొన్న నీలం కారుకి రంగేసి, గీకి, మళ్లీ వేశావు. నిన్నెవరైనా ముందు గదిలో కూర్చోబెట్టారా?"

"అది వేరు."

"వేరే మరి. వేళ్లన్నీ బాగుండి కూడా చెడగొట్టావు నువ్వు."

తమ్ముడి మొహం కారు రంగుకి తిరిగింది. డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నేనూ ఒకసారి పక్క పన్ను పీకానండీ. పీకింది మళ్లీ పెట్టలేం. బంపరు నయం కదా, విప్పొచ్చు."

"వినరా" అని పెద్దక్క అప్పుడే బోల్టుకి పానా తగిలించింది.

అన్నీ విప్పింది. నల్లరంగు గీకి గుర్తులు బయటికి తీసింది. ఇనప చేతుల్ని దేని చోట దాన్ని పెట్టి, మిగతావి మళ్లీ వదులుగా తగిలించింది. ఈసారి సందులో ఎడమచేతి వేలు పెట్టింది. దానికి ఆ పని కొత్త. కొత్తగా బడికొచ్చిన పిల్లలా తడబడింది, వెనక్కొచ్చింది, ఇరుకో కాదో తేల్చుకోలేక అక్కడక్కడే తిరిగింది. దానితోపాటే ఆమె కూడా ఆగింది, బిగించింది, మళ్లీ వదులు చేసింది. సాయం చెయ్యబోయిన మరదల్ని కూడా "నువ్వు మంచిదానివేలే, దూరంగా ఉండు" అని కసిరింది. తమ్ముడు ఒక పక్క తన రంగు మీద పడ్డ గీతని పూడ్చుకుంటున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆమె లేచి నిలబడింది. కారు తలెత్తి తిన్నగా చూస్తోంది. డాక్టరుగారు చుట్టూ తిరిగి, వంగి, పళ్లు చూసినట్టే చూసి, తాళం తీసుకుని వెళ్లిపోయారు.

షెడ్డు తలుపు మూస్తూ తమ్ముడు అడిగాడు. "పని నీదే అన్నాను, కాదనను. కానీ ఇంకోసారి ఇలాగే జరిగితే?"

"ఇంకోసారి విప్పుతాను" అంది పెద్దక్క.