బండ మీద గీసిన పసుపు గడి

"ఆ గడి ఈడ పెడితే నా పటమంతా నిలిచిపోతాది జేజీ!"

"నిలిచిపోనీ. పసుపు రాకుండా సారెకు పొయ్యి వెలిగేది లేదు."

"ఆర్డరు ఫోన్లో వచ్చిండాది. తేదీ ఉండాది, ఊరుండాది. ఇంకేం కావల్ల నీకు?"

"పసుపు."

"ప్రతిదానికీ నువ్వు ఊ అనల్లంటే ఇంక ఇదేం ఆటోమేటిక్కు?"

"నీ ఆటోమేటిక్కు వచ్చి నూనె కాస్తాదా అమ్మీ? కాచేది నేను."

ప్రొద్దుటూరులో మా వంటింటి బండల మీద సుద్దముక్కతో గీసిన పటానికి అటువైపు నా మనవరాలు, ఇటువైపు నేను. నా కొడుకు కూతురామె. చదువు ముగించి, వ్యాపారాలకు ఏ పని వెనక ఏ పని జరగాలో ఇలాంటి పటాలు గీసి కంప్యూటర్లో పెట్టే పని నేర్చుకుంది. మొదటి పటం మన ఇంటికే చేస్తానంది. కాగితాలు దండగ, ముందు బండ మీద గీయమన్నాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కంప్యూటర్లో చీమల బారులా కనిపించేది బండ మీద ఒక్క చూపులో అర్థమైంది.

పెళ్లికూతురితో అత్తగారింటికి పంపే సారె చేయడం మా పని. అరిసెలు నేను చేస్తాను, లడ్లు జమ్మలమడుగులో మా చెల్లెలు, చక్కిలాలు పులివెందులలో మా వదిన. ఆర్డరు వచ్చిందంటే ఇద్దరికీ ఫోన్లు చేసి నా గొంతు పోయేది. ఇప్పుడు పటంలో ఎడమవైపు పెళ్లివాళ్లు చెప్పినవి: ఏ ఊరు, ఏ రోజు, ఎన్ని ఇండ్లకు పంచాలి. అక్కడి నుంచి బాణాలు బయలుదేరి, ఇండ్ల లెక్క కాస్తా పిండి, బెల్లం, నెయ్యి లెక్కగా మారి, కుడివైపున మా ముగ్గురి ఫోన్లకు మూడు చీటీలుగా చేరుతుంది. విరిగిపోయేవాటికి ఎంత అదనం వేయాలో కూడా నన్నడిగి పెట్టింది. అక్కడ నేను వంక పెట్టలేదు.

పేచీ అంతా పసుపు దగ్గరే. పెళ్లివాళ్లు మనిషిని పంపి పసుపు కుంకుమ ఇప్పించాకే మా పొయ్యి వెలుగుతుంది. పెళ్లి వాయిదా పడితే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పెళ్లి విషయంలో "ఆగింది" అనే మాట నోట రానివ్వరు. పసుపు పంపరు, అంతే. రాలేదంటే మనమే తెలుసుకోవాలి. మనవరాలి పటానికి అది తెలియదు. ఎవరూ వద్దనలేదు కాబట్టి కావాలన్నట్టే లెక్కేసి, తెల్లారేసరికి చీటీలు పంపేస్తుంది.

మర్నాడు సాయంత్రం ఒక సారె బండి ఎక్కాలి. పెళ్లికూతురిది జమ్మలమడుగు. "మీ ఇంట్లో ఇది పనిచేస్తే చూపించు, అప్పుడు నీకు పనిస్తా" అని పులివెందుల బేకరీ యజమాని మనవరాలికి చెప్పి ఉన్నాడు.

"సారె లేటయితే ఆ బేకరాయన నా మొగం సూడడు జేజీ."

"సూడకపోతే పోయి వాని అంగడి ముందర కూచుంటా. గీయి."

సుద్దముక్క విరిగేలా ఒత్తి నా పేరు పక్కన గడి గీసింది. అందులో "పసుపు వచ్చిందా?" అని రాసి, అది నా ఫోన్లో నొక్కితేనే చీటీలు కదిలేలా పెట్టింది. నేను బియ్యం నానబెట్టి పడుకున్నాను. పెళ్లి ఆగినా అవి దోసెలకు పనికొస్తాయి.

పొద్దున్నే తలుపు తీసి గడప దగ్గర కూర్చున్నాను. వీధిలో పాలవాడు తప్ప ఎవరూ రాలేదు. మనవరాలు గడియారం చూస్తూ తిరుగుతోంది. అంతలో చెల్లెలి ఫోన్.

"అక్కా, నీ చీటీ ఇంకా రాలేదేంది? పొయ్యి వెలిగించల్లా, వద్దా?"

"పసుపు రాందే యాడ పంపేది?"

"నిన్న సందకాడే మా ఇంట్లో ఇచ్చిపోయిరి గదా!"

"నాకు చెప్పొద్దా మే?"

"అది చెప్పే సంగతా? ఎప్పుడన్నా నువ్వు నాకు చెప్పినావా?"

నిజమే. ఇదివరకు ఏ పెళ్లివాళ్లయినా నగలకూ బట్టలకూ ప్రొద్దుటూరు వచ్చి, పనిలో పనిగా మా గడపలో పసుపు ఇచ్చిపోయేవాళ్లు. ఆర్డరు ఫోన్లో ఇచ్చాక ఇంత దూరం ఎందుకు వస్తారు? వాళ్ల ఊళ్లోనే ఉన్న మా చెల్లెలింట్లో ఇచ్చేశారు.

మనవరాలు తడిబట్ట పట్టుకొని బండ దగ్గర కూర్చుంది.

"తీసేయమంటావా జేజీ, గడి?"

"తీయొద్దు. జరుపు."

నా పేరు పక్కనున్న గడిని తుడిచి, ముగ్గురి బాణాలూ కలిసే చోట గీసింది. పసుపు ఎవరింటికి వస్తే వాళ్లే నొక్కేలా కంప్యూటర్లో మార్చింది. జమ్మలమడుగులో చెల్లెలు నొక్కింది. మూడు ఇండ్లలో చీటీలు ఒక్కసారే పడ్డాయి.

మనవరాలు బేకరీ ఆయనకు ఫోన్ చేసి, మధ్యాహ్నం వచ్చి చూపిస్తానని చెప్పింది. నేను బియ్యం వడగట్టి, పొయ్యి వెలిగించాను.