ఆమెను ఆపింది మేడమ్ కాదు

మొన్న మా ఊరి చర్చి కూడికకు వచ్చిన ఒక బోధకుడు, గల్ఫ్‌లో విశ్వాసులు పడే కష్టాల గురించి చెబుతూ ఒక ఇంటిపని మనిషి కథ ఎత్తుకున్నాడు. తొంభైల్లో దోహాలో శుక్రవారం ప్రార్థనకు వచ్చి యేసయ్య కథలు చెప్పే ఒక గోదావరి జిల్లా స్త్రీని ఆమె అరబ్బు మేడమ్ గదిలో పెట్టి తాళం వేసేదట. జనం అయ్యో అన్నారు. ఆ తాళం తర్వాత ఎవరో చేర్చింది. మిగతా అబద్ధం నాది. మేడమ్ ఆమెను రానివ్వడం లేదన్న మాట మొదట అన్నవాణ్ణి నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో మా కాపురం దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక మేడ మీద. అక్కడ చర్చి భవనాలకు అనుమతి లేని రోజులు. తెలుగు కూడిక మా హాల్లోనే జరిగేది. కిటికీ తెరలు వేసుకుని, గొంతు తగ్గించి పాడేవాళ్ళం. గుమ్మం బయట చెప్పుల గుట్ట కనబడకూడదని ఎవరి చెప్పులు వాళ్ళు ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని లోపలికి తెచ్చుకునేవారు. పాటలయ్యాక మా వీసీఆర్‌లో యేసు జీవితం మీద తీసిన ఇంగ్లీషు సినిమా వారానికి కొంచెం చొప్పున వేసేవాణ్ణి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హౌస్ డ్రైవర్లు, ఇంటిపనివాళ్ళు. వాళ్ళకు ఆ ఇంగ్లీషు అంతుబట్టేది కాదు. అందుకని ఆ గోదావరి జిల్లా ఆమె టీవీ పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేది. ఇంగ్లీషు ఆమెకూ రాదు. కథ వచ్చు. ఆమె చెయ్యెత్తితే నేను రిమోట్‌తో బొమ్మ ఆపాలి.

"ఈయన్ని చూసి యేసయ్య ఇంత తెల్లగా ఉంటాడనుకునేరు. ఈయన వేషం కట్టిన దొర. అసలు యేసయ్యది ఈ చుట్టుపక్కల దేశమేనండి. మా మేడమ్ గారి పిల్లలకి లెక్కలు చెప్పే పాలస్తీనా మాస్టారు లేరూ, ఆ రంగు, ఆ ముక్కు. మీరు రోజూ చూస్తూనే ఉంటారు, దణ్ణం పెట్టరంతే!"

వెలిగా చూసే సమరయ జాతి స్త్రీని యేసు బావి దగ్గర నీళ్ళడిగే ఘట్టం వచ్చినప్పుడు చాలాసేపు బొమ్మ కదలనివ్వలేదు.

"ఈవిడ మిట్టమధ్యాహ్నం ఎందుకొచ్చిందంటారు? పొద్దున్నే వస్తే నలుగురూ మాటలంటారని. మా పేట ఆడాళ్ళం కూడా ఊరోళ్ళందరూ పట్టుకెళ్ళాకే పంపు దగ్గరికెళ్ళేవాళ్ళమండి. చూడండి, ఆవిడ చేతి నీళ్ళు అడుగుతున్నాడు. అడగడమే! మన చేతి నీళ్ళు ఎవరైనా అడిగారా?"

ముందు వరసలో ఒక డ్రైవర్ తల వంచుకున్నాడు.

నిర్మాణ కంపెనీల క్యాంపుల నుంచి కరీంనగర్, నిజామాబాద్ వైపు హిందువులు కూడా వచ్చేవారు. వాళ్ళు వచ్చింది మతం కోసం కాదు. ఆమె కథ కోసం, ఆ తర్వాత మా ఆవిడ పెట్టే పులిహోర కోసం.

ఒకసారి ఆమెను అడిగాను, ఇంతమంది మగవాళ్ళ ముందు భయం లేదా అని.

"భయమెందుకండి బ్రదర్ గారూ? వారమంతా నా నోట యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, ఈ రెండు అరబ్బీ ముక్కలు తప్ప ఇంకోటి రాదు. శుక్రవారం ఒక్కపూటేనండి నేను మనిషిలా మాట్లాడేది. ఇది లేకపోతే ఎప్పుడో విమానం ఎక్కేసేదాన్ని."

మా కూడికకు పెద్ద ఒకాయన ఉండేవారు. దోహాకు దూరంగా దుఖాన్ అనే ఊళ్ళో ఆయిల్ కంపెనీ ఉద్యోగం, శుక్రవారం కారు వేసుకుని వచ్చేవారు. బావి కథ విన్న రోజు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"ఏవయ్యా, ఇది దేవుని కూడికా, టూరింగ్ టాకీసా? ఆడమనిషి నిలబడి మగవాళ్ళకు బోధించడం బైబిలు వాక్యానికి విరుద్ధం. పైగా ప్రభువు అరబ్బు మాస్టారిలా ఉంటాడంటుంది. ఇక నువ్వు చెప్పు."

ఆమె చెప్పింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా "అలాగేనండి" అన్నాను. పదిమంది ముందు నిలబడి మాట్లాడాలని నాకూ ఉండేది. అది కూడా దాచను.

కానీ నాకు కథ చెప్పడం చేతకాదు. దానికొక ఉపాయం పన్నాను. హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న కర్టెన్ వెనక ఆమెను కూర్చోబెట్టి, ఆమె మెల్లగా అందిస్తే నేను పైకి చెప్పడం. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, "ఆయ్, అలాగేనండి. కథ ఆగకపోతే చాలు" అంది.

మెల్లగా చెప్పడం ఆమెకు చేతకాలేదు. నేను నోరు తెరిచేలోపే జనం నవ్వేసేవారు. నేను అదే మాట మళ్ళీ అంటే మర్యాదకు ఇంకోసారి నవ్వేవారు. రెండు మూడు వారాలు అలా నడిచాక నిజామాబాద్ మేస్త్రీ ఒకతను లేచి నిలబడ్డాడు.

"సారూ, ఏమనుకోకు. అక్క చెప్పేది మాకు మంచిగనే ఇనబడ్తంది. మళ్ల నువ్వెందుకు రెండోసారి చెప్తున్నవ్? నువ్వు గా కర్టెన్ ఎనుకకు పో, అక్కను ఇటు రమ్మను."

హాలంతా గొల్లుమంది. దుఖాన్ పెద్దాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ క్షణంలో కర్టెన్ పక్కకు లాగితే సరిపోయేది. నేను రిమోట్ తీసుకుని టీవీ వాల్యూమ్ పెంచాను. అర్థంకాని ఇంగ్లీషు గది నిండా మోగింది. కర్టెన్ వెనక ఆమె ఇంకో వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

వెళ్ళేటప్పుడు చెప్పుల సంచీ తీసుకుని మా ఆవిడకొక్కదానికే వెళ్ళొస్తానంది. ఆ తర్వాత రాలేదు.

మూడో వారమో నాలుగో వారమో మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఆమె మేడమ్. ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"మా మనిషి శుక్రవారం బయటికి వెళ్ళనంటోంది. కారు పంపుతానన్నా వద్దంటోంది. మీ దగ్గర ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు మేడమ్, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను.

మేము అడగాల్సిన మాట ఆవిడ అడిగింది. ఆ శుక్రవారమే కూడికలో ఎవరో, "ఆ అక్క రావట్లేదేం?" అన్నారు. "మేడమ్ పంపడం లేదు" అన్నాను. ఒక్కరు కూడా నిజమా అని అడగలేదు. అరబ్బు యజమానురాలంటే అంతేగా అని తలలాడించారు. మా వాళ్ళ మీద అదే మాట చెప్పి ఉంటే పది ప్రశ్నలు వచ్చేవి. నా అబద్ధానికి కాళ్ళొచ్చింది మా అందరి నమ్మకంతోనే. మంచి మేడమ్‌లూ చెడ్డ మేడమ్‌లూ ఇద్దరూ ఉన్న ఊరే అది. ఈవిడ మాత్రం కారిచ్చి పంపుతానన్న మనిషి.

ఇప్పుడు నా అభిప్రాయం నసగకుండా చెబుతాను. ఆడమనిషి నోరు మూసే బోధ ప్రభువుది కాదు. ఆయన తెల్లదొర కాదు. సినిమా బొమ్మ ముందు నిలబడి ఆమె చెప్పిందే ఆ రోజుల్లో నేను విన్న అసలైన ప్రసంగం. మా చర్చిలో ఇవన్నీ అంటున్నాను, కొందరు ముఖం తిప్పుకుంటున్నారు, తిప్పుకోనివ్వండి.

ఆ బోధకుడి కథ విన్న మర్నాడు మా ఆవిడ దగ్గర నంబరు తీసుకుని ఆమెకు ఫోన్ చేశాను. గోదావరి జిల్లాలో సొంత ఇంట్లో ఉంటోంది. వాల్యూమ్ సంగతి, మేడమ్ మీద వేసిన నింద సంగతి, అన్నీ చెప్పి క్షమించమన్నాను.

"నా సంగతి వదిలెయ్యండి బ్రదర్ గారూ. నేనేం నోరు మూసుకు కూర్చోలేదు. పక్క విల్లాల్లో శ్రీలంక అమ్మాయి, ఫిలిప్పీన్ అమ్మాయి ఉండేవారు. శుక్రవారం మా వంటింట్లో ముగ్గురం కూర్చుని, వచ్చీరాని అరబ్బీలో కథలన్నీ చెప్పేశాను. మేడమే టీ పెట్టుకోమని చక్కెర డబ్బా ఇచ్చేది."

బోధకుడు చెప్పిన తాళం సంగతి కూడా చెప్పాను.

"మేడమ్ నన్ను పెట్టి తాళం వేసిందన్నారా? నేనొచ్చేసే రోజు విమానాశ్రయం దాకా వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చిందండి. మీరు క్షమాపణ నాకు కాదు చెప్పాల్సింది. ఆ చెప్పినాయనకి చెప్పండి, విన్నవాళ్ళకి చెప్పండి."

బోధకుడికి చెప్పాను. విన్నవాళ్ళకు ఇది.