ఎండలో నిలిచిన తేనెపెట్టెలు

విల్నియస్‌లోని ఆ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలో చేరేదాకా స్కిర్మంతే పందొమ్మిదేళ్లు ఉతెనా అనే ఊరి బడిలో ఫిజిక్స్ చెప్పింది. ఇక్కడ జీతం రెండింతలు. నలభై నాలుగేళ్ల వయసులో కొత్త పని చకచకా నేర్చుకున్నానన్న గర్వమూ ఉండేది. కాని ఖాతాదారుల నుంచి వచ్చే ఒక్కో ఫోనుకు ఆరు నిమిషాలే గడువు. అది దాటితే కంప్యూటరు తెర మూల ఎర్రబడేది.

జూలైలో ఒక గురువారం పొద్దున కంపెనీ కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టింది. డబ్బు మోసాల అనుమానితుల జాబితాతో ఖాతాదారు పేరు కలిస్తే చాలు, అది ఖాతాను ఆపేస్తుంది. మధ్యాహ్నానికల్లా ఫోన్లు వెల్లువెత్తాయి.

వాటిలో ఒకటి రెమిగియుస్ అనే పెద్దాయనది. తేనెటీగలు పెంచుతాడు. ముప్పై ఆరు పెట్టెల్ని వ్యానులో పూల చేలకు తీసుకెళ్తున్నాడు. రాత్రే చేరాల్సినవాడు, టైరు పేలి ఆలస్యమైంది. ఇప్పుడు మనిషంటూ లేని పెట్రోలు బంకులో, ఖాళీ ట్యాంకుతో ఆగిపోయాడు. అక్కడ కార్డు తప్ప నోట్లు చెల్లవు. కార్డేమో పనిచేయడం లేదు.

"చూడమ్మా, బండి కదిలితేనే వాటికి గాలి. తెరిచానంటే రోడ్డు మీద జనాన్ని కుడతాయి. మూసి ఉంచితే ఉడికి చస్తాయి. నేనేం తప్పు చేశానో అదైనా చెప్పు."

అది చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. తెర మీద మాత్రం ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది: జాబితాలోని రెమిగియుస్ పుట్టింది 1988లో, ఈయన 1953లో. ఫోనులో తేనెటీగల రొద అంతకంతకూ పెరుగుతోంది.

జట్టు నాయకుడు తౌత్వీదస్‌కు ఇరవై ఏడేళ్లు. ఆమె వెళ్లి అడిగితే, కాగితాలు పరిశీలించడానికి రెండు రోజులు పడుతుందన్నాడు.

"రెండు రోజులు కాదు, ఆయనకు ఇరవై నిమిషాలు కూడా లేవు," అంది స్కిర్మంతే.

"ఇది మీ క్లాసు కాదు. ఫోన్ పెట్టేసి తర్వాతది తీసుకోండి."

ఆమె రెమిగియుస్‌ను లైనులోనే ఉండమని, లాప్‌టాప్ పట్టుకుని మూడో అంతస్తుకు పరుగెత్తింది. ఆపిన ఖాతాను విడిపించే అధికారం నిబంధనల విభాగం పెద్ద యొలాంతాకే ఉంది. ఆమె అద్దాల గదిలో ప్రభుత్వ తనిఖీ అధికారులతో కూర్చుంది. స్కిర్మంతే తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లి, రెండు పుట్టిన తేదీలను ఆమె ముందు పెట్టింది. యొలాంతా రెండుసార్లు చదివి, ఖాతా విడుదల చేసింది.

కార్డు పనిచేసింది. అయినా పదకొండు పెట్టెల్లోని ఈగలు చచ్చిపోయాయి. సాయంత్రం ఫోన్ చేసి రెమిగియుస్ ఆ సంగతి చెప్పాడు. తిట్టలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

వారంలో ప్రోగ్రాములో పుట్టిన తేదీ పోల్చడం చేర్చారు. ఆ ప్రకటన తౌత్వీదస్ పేరుతో వచ్చింది. స్కిర్మంతేకు మాత్రం చోటు వదిలి వెళ్లినందుకు హెచ్చరిక ఉత్తరం అందింది. ఆమె సంతకం పెట్టి, కింద ఒక వాక్యం రాసింది: "మళ్లీ అవసరమైతే మళ్లీ వెళ్తాను."

ఉద్యోగం మానలేదు.