మైకుకు అందని గొంతు

అక్క పోయిన ఏడాదికి ఒకరోజు కలలోకి వచ్చి నాతో తమిళంలో మాట్లాడింది. "సాప్టియా?" అంది. తిన్నావా అని. బతికున్నన్నాళ్ళూ అక్క నాతో ఒక్క ముక్క తమిళం మాట్లాడి ఎరగదు. లేచి కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, అదీ నామీద నాకే. ఏడాదిగా నేను ఎవరితోనూ తెలుగు మాట్లాడకపోతే కలలో ఆమె మాత్రం ఎట్లా మాట్లాడుతుంది?

మాది తిరుత్తణి. అక్కా నేనూ ఇద్దరం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి విసిగిపోయారు. ఒక మిద్దె మీద రెండు గదుల అద్దె ఇంట్లో ఇరవై ఏళ్ళు కలిసి ఉన్నాం. నేను రోజూ రైలెక్కి తిరువళ్ళూరులో ఆఫీసుకు పోయి వస్తాను. రైల్లో తమిళం, ఆఫీసులో తమిళం, కింద ఉండే ఇంటి ఓనరమ్మతో తమిళం. తెలుగు మాత్రం అక్కతోనే. తిరువాలంగాడులో పెదనాన్న పిల్లలున్నారు గాని, వాళ్ళు ఫోనెత్తగానే "సొల్లుంగ" అంటారు, చెప్పండి అని. ఇక నేనూ తమిళంలోనే చెప్పి పెట్టేస్తాను.

ఆఫీసులో సగం మంది చెవుల్లో ఏదో పెట్టుకుని పాడ్‌కాస్టులు వింటారు. నేనూ ఒకటి మొదలుపెడదామనుకున్నాను. అక్క మాటల్ని అక్క తెలుగులో చెప్పుకుంటూ పోతే నోరు తుప్పు పట్టకుండా ఉంటుంది. ఎవరైనా వింటే మంచిదే, వినకపోయినా నష్టం లేదు. నాకు కావలసింది ఒక్కటే, అక్క మళ్ళీ కలలోకి వస్తే తెలుగులో మాట్లాడాలి.

ఫోన్లో రికార్డు చేసి చూస్తే నా గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. మంచి మైకు కొనాల్సిందే అనిపించింది. నెలరోజులు రైల్లో మైకుల వీడియోలే చూశాను. ఒకాయన ఇది కొనండి అంటాడు, ఇంకొకాయన అది కొన్నవాడు వెర్రివాడంటాడు. చివరికి నాకర్థమైంది ఇంత. మిక్సరూ అదీ అక్కర్లేకుండా నేరుగా కంప్యూటర్‌కు తగిలించుకునే యూఎస్‌బీ మైకు చాలు. అందులో నాలుగు దిక్కులా వినేవి ఉన్నాయి, ముందున్న మనిషినే వినేవి ఉన్నాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి అటూ ఇటూ వినేవి కూడా ఉన్నాయి. ఆ మూడో రకం వీడియో దగ్గర కాసేపు ఆగిపోయాను. తర్వాత అది నాకు అక్కర్లేదని తీసేశాను.

తిరువళ్ళూరులో స్టేషన్ నుంచి ఆఫీసుకు పోయే దారిలో ఒక కంప్యూటర్ సామాన్ల అంగడి ఉంది. ఓనరుకు అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. మౌసు, కీబోర్డు, ప్రింటర్ ఇంకు అన్నీ పదేళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నాను. పదేళ్ళుగా ఇద్దరం తమిళంలోనే బేరమాడుకుంటున్నాం. నేను ఖరీదైన మైకు వైపు చూస్తుంటే ఆయనే వద్దన్నాడు. "అది ఊర్లో ప్రతి చప్పుడూ పట్టుకుంటుంది సార్, మీకు ముందువైపే వినేది చాలు. మైకుకే హెడ్‌ఫోన్ గుచ్చుకునే చోటు ఉందో లేదో చూసుకోండి, మీ గొంతు మీకు అప్పుడే వినపడాలి," అని తమిళంలో చెప్పి, చవకలో ఒకటి తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. "పేసుంగ సార్," అన్నాడు. మాట్లాడమంటే ఏం మాట్లాడతాం? పొద్దున రైలు ఆలస్యంగా వచ్చిందని తమిళంలో నాలుగు ముక్కలు తిట్టాను. తిరిగి వింటే చెవి పక్కన నిలబడి తిట్టినట్టుంది. సంతోషంగా కొనుక్కుని వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, బల్లమీద అక్క దుప్పటి మడిచి వేసి, దానిమీద మైకు పెట్టుకుని మొదటి ముచ్చట చెప్పాను. అది కే.జీ.కండిగై సంత ముచ్చట. అక్క కూరలావిడతో తమిళంలో బేరమాడుతూ, మధ్యలో నావైపు తిరిగి గుసగుసగా, "వంకాయలు పుచ్చుండాయి, పోదాం రా తమ్ముడా," అంది. ఆ కూరలావిడ తలెత్తకుండానే తెలుగులో, "పుచ్చుల్యా ఏం ల్యా, నిన్న కోసినేటివమ్మా," అంది. అక్క సిగ్గుపడి రెండు కిలోలు కొనింది. వారమంతా వంకాయే తిన్నాం.

చెప్పడం అయ్యాక విన్నాను. నా గొంతు లేదు. ఉందిలే గాని, గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది. వాల్యూమ్ మర మొత్తం తిప్పి మళ్ళీ చెప్పాను. ఈసారి ఫ్యాను వినిపించింది, అరక్కోణం వైపు పోయే రైలు వినిపించింది, కింద ఓనరమ్మ కుక్కర్ విజిల్ వినిపించింది. అక్క ముచ్చట తప్ప అన్నీ వినిపించాయి. చెడిపోయినదే అంటగట్టాడు ముసలాయన అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే అంగడికి పోయి మైకు బల్లమీద పెట్టి, "ఇది చెడిపోయింది, మార్చండి," అన్నాను తమిళంలో, కొంచెం గట్టిగానే. ఆయన దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఆ మాటే మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. గంట కొట్టినట్టు వినిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంట్లో చేసింది ఉంటే ఇవ్వండి," అన్నాడు. ఫోన్లోకి ఎక్కించుకున్న నిన్నటి ముచ్చటను హెడ్‌ఫోన్‌తో పాటు ఇచ్చాను. ఆయనకు ఏమర్థమవుతుందిలే అనుకుంటూ నిలబడ్డాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. వింటూ వింటూ ఫక్కున నవ్వాడు. హెడ్‌ఫోన్ తీసి, అంగట్లో ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, బల్లమీదికి వంగి మెల్లగా అన్నాడు.

"మైకు బాగానే ఉండాది తమ్ముడా. నువ్వే వంటింట్లో మాట్లాడినట్టు మాట్లాడినావు."

అక్క పోయాక నన్ను తమ్ముడా అన్న మనిషి లేడు.

"మీరు మనోళ్ళా అన్నా?" అన్నాను. నాకు తెలియకుండానే నా గొంతు కూడా ఆయన గొంతంత తగ్గిపోయింది.

"మా తాత కాలం నుంచి ఈడనే అంగడి. ఇంట్లో పిల్లోళ్ళకు తెలుగు చెప్తే అర్థమవతాది, జవాబు మటుకు అరవంలోనే. మా అమ్మ నీ మాదిరే గొణిగేది. గట్టిగా మాట్లాడితే పక్కింటోళ్ళకు వినపడతాదని."

అప్పుడు తెలిసింది. మా ఇళ్ళల్లో తెలుగు గడప లోపలి మాట. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా అందరం గొంతు తగ్గించే మాట్లాడతాం. బయటి మనిషి కనిపిస్తే మాట మధ్యలోనే తమిళంలోకి దూకుతాం. అందుకే పదేళ్ళు ఒకరికొకరం ఎదురుగా నిలబడి కూడా ఒకరికొకరం దొరకలేదు. ఈడనే ఉన్నాడు ఒక అన్న, నేనేమో ఏడాదంతా గోడలతో మొత్తుకున్నాను.

ఇంకా ఏదో అడగబోయాను. ఒకావిడ చార్జర్ కావాలని లోపలికి వచ్చింది. ఆయన నిటారుగా నిలబడి, "వాంగమ్మా," అన్నాడు, రండమ్మా అని. నావైపు తిరిగి మైకు పెట్టెలో పెట్టి ఇస్తూ, తమిళంలో, "ఒన్నుమిల్ల సార్, సత్తమా పేసుంగ," అన్నాడు. ఏమీ లేదు, గట్టిగా మాట్లాడండి అని. నేను కూడా తమిళంలోనే సరే అన్నాను. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరెక్కడిది?

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా మైకు ముందు కూర్చున్నాను. మొదటి మాట గట్టిగా అనేసరికి సిగ్గేసింది, ఎవరినో తిడుతున్నట్టు అనిపించింది. రెండో మాటకు అలవాటైంది. అక్క అన్నది అక్క లాగా, కూరలావిడ అన్నది కూరలావిడ లాగా, ఆఫీసులో తమిళం మాట్లాడేంత గొంతుతో చెప్పాను. హెడ్‌ఫోన్‌లో నా తెలుగు నాకే కొత్తగా వినిపించింది. అందులో అక్క యాస ఉంది. చెబుతూనే ఏడ్చాను, ఆపలేదు.

వంకాయల దగ్గరికి వచ్చేసరికి కిందినుంచి ఓనరమ్మ పిలిచింది. ఇరవై ఏళ్ళలో మా ఇంటి మాట ఆమెకు ఎప్పుడూ వినపడలేదు. మెట్ల దగ్గర నిలబడి తమిళంలో, "ఏం సార్, మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? మాటలు వినిపిస్తున్నాయి," అంది. ఆ మాటలో సంతోషం ఉంది. పాపం, ఏడాదిగా నా ఇంటికి ఎవరూ రావడం ఆమె చూడలేదు.

కిటికీ తెరిచి బదులిచ్చాను. అదే ఊపులో ఉన్నానేమో, తమిళంలోకి మారడం మరిచిపోయాను.

"ఎవురూ రాలేదమ్మా, నేనొక్కడ్నే మాట్లాడుకుంటా ఉండా!"

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరో వచ్చారనే అనుకుని, "సరి సరి," అంటూ నవ్వుకుంటూ లోపలికి పోయింది. మైకు ఇంకా నడుస్తూనే ఉంది. మా తెలుగు మొదటిసారి గడప దాటి వీధిలోకి పోయింది, ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి.