జోజప్ప బాబాయి మోకులు

మొన్న కురిసిన వానకు గుమ్మంలో వేసిన గోనెపట్టా నానిపోయింది. ఎండ రాగానే దాన్ని పిండి పిట్టగోడ మీద ఆరేశాను. కాసేపటికి తడి జనుము వాసన వరండా అంతా కమ్ముకుంది. మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అదేం కంపు, అత్తా! అవతల పారెయ్యరాదూ," అంది. నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. ఆ వాసనకు నరసరావుపేటలోని లారీ షెడ్డు గుర్తొచ్చింది. చెవి మీద పురికొస ముక్క దోపుకుని ఆ షెడ్డంతా తిరిగే జోజప్ప బాబాయి గుర్తొచ్చాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. నాకు అక్షరాలు వచ్చింది పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, పెద్దల బడిలో. వచ్చిన కాసిని అక్షరాలతో ఆయన గురించి రాసిపెడదామనిపించింది.

బాబాయి అని పిలవడమే గానీ మాకు చుట్టరికం లేదు. ఆయన ఆ లారీ కంపెనీలో షెడ్డు మేస్త్రి. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క లారీల వెనక పెద్ద డ్రమ్ములు బిగించి, వాటిలో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. గురజాల, మాచర్ల వైపు నుంచి మిర్చి, పత్తి, నాపరాళ్ళు వచ్చేవి. కొత్త సంచులు, లోడు కట్టే లావాటి కొత్త మోకులు, టైర్లు ఏవీ బజారులో దొరికేవి కావు. ఉన్నవాటితోనే బండి నడవాలి. నేను శావల్యాపురం దగ్గర పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఆయన దానియేలు అక్కడ హమాలీ. లారీ లోడు పైకెక్కి మోకులు బిగించడం ఆయన పని. చిరిగిన సంచులు కుట్టే ఆడవాళ్ళలో నన్నూ కూర్చోబెట్టారు.

చేరిన రోజే నాకు ఒక సంచి వచ్చింది. అంతా చిల్లులే. దబ్బనం గుచ్చితే ఆ గుచ్చిన చోట కూడా చిరిగిపోతోంది. విసుగొచ్చి అవతలికి గిరాటేశాను. బాబాయి దాన్ని తీసుకొచ్చి మళ్ళీ నా ఒళ్ళో వేశాడు.

"ఏందమ్మాయ్, అప్పుడే పారేశావ్? పారేసే ముందు రెండుసార్లు అడగాలి."

"ఎవుర్ని బాబాయ్?"

"దాన్నే. ఇంకా ఏం పని చేస్తావే అని."

"సంచి మాట్టాడుద్దా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే మాట్టాడుద్ది."

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నాకు రోషం వచ్చింది. ఆయన అదేం పట్టించుకోకుండా గొంతుక్కూర్చుని ఆ సంచి అంచు విప్పాడు. నేత చీకిపోయినా పోగులు కొన్ని గట్టిగానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే లాగి, తొడ మీద పురిపెట్టి, కుట్టడానికి దారం చేసి నా చేతిలో పెట్టాడు. ఆ సంచి దారంతో సాయంత్రానికి వేరే సంచులు కుట్టాను. మిగిలిన గుడ్డ మిర్చి బస్తాల మూతులకు అతుకైంది.

షెడ్డులో ఏదీ ఊరికే గేటు దాటేది కాదు. దించిన సంచులన్నీ ఒక పట్టా మీద దులిపించేవాడు. రాలిన వేరుశనక్కాయలు కూలి ఆడవాళ్ళ ఒడిలోకి, మిరప గింజలు చిన్న రైతుల నారుమళ్ళలోకి వెళ్ళేవి. లారీలకు వేసే బొగ్గు జల్లెడ పట్టించి, కిందపడిన నుసిలో బంకమన్ను, పేడ కలిపించి ఉండలు చేయించేవాడు. అరిగిన టైర్లు చెప్పులయ్యేవి. డ్రమ్ముల్లో బూడిద మా ఇళ్ళలో గిన్నెలు తోమడానికి వచ్చేది. ఒకసారి మా ఆయన, "బాబాయ్, నువ్వు తుమ్మితే ఆ గాలి గూడా టైరుకు పట్టిస్తావుగా," అన్నాడు. "నీ వాగుడు పట్టిస్తే మాచర్ల దాకా పోద్ది లారీ. బొగ్గు గూడా అక్కర్లా," అన్నాడు బాబాయి. ఆ మాట చాలా రోజులు షెడ్డులో తిరిగింది.

అంత పొదుపు మనిషి ఒక్క మోకుల విషయంలో మాత్రం వేరుగా ఉండేవాడు. తెగిన మోకుకు రెండు కొసలూ విప్పి ఒకదాన్లో ఒకటి అల్లితే మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. ఆ అల్లిక ఆయనే నాకు నేర్పాడు. కానీ అల్లే ముందు మోకును చేతుల్లోకి తీసుకుని, మధ్యలో పురి విప్పి, లోపలి పీచును గోటితో గీకి వాసన చూసేవాడు. మోకు పైకి ఎంత నున్నగా ఉన్నా, లోపల పీచు పొడిపొడిగా రాలిందంటే దాని పని అయిపోయినట్టే. అప్పుడు కత్తి తీసి దాన్ని జానెడు ముక్కలుగా కోసేవాడు. ఆ ముక్కలు డ్రమ్ము రాజెయ్యడానికి వాడేవాళ్ళం.

"అంత బారు మోకు, ముక్కలు చెయ్యడం ఎందుకు బాబాయ్? అట్టాగే పడేస్తే పోద్దిగా," అన్నాను ఒకరోజు.

"బారుగా ఉంటే ఎవడో ఒకడు తీసి కడతాడమ్మా. మోకు బిగించేటప్పుడు నీ మొగుడు ఏం చేస్తాడో చూశావా? బస్తాకు కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగుతాడు. ఆ కాసేపు వాణ్ణి పట్టుకునుండేది మోకే. అందుకే, సచ్చిన మోకు కొక్కేనికి ఎక్కగూడదు."

అప్పటి నుంచి మా ఆయన లోడు ఎక్కినప్పుడల్లా నా కళ్ళు ఆయన మీద కాకుండా ఆయన చేతిలో ఉన్న మోకు మీద ఉండేవి.

ఒక ఏడు మిర్చి విపరీతంగా వచ్చింది. అదే ఏడు మోకులు పూర్తిగా కరువయ్యాయి. బాబాయి గుంటూరు వెళ్ళి బజారంతా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. మోకులు లేక రెండు లారీలు నిలబడిపోయాయి. లారీ నిలబడితే హమాలీకి ఆ పూట పని లేనట్టే. వాళ్ళు షెడ్డు నీడన బీడీలు కాలుస్తూ ఆయన వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. "నీ ఇష్టం జోజప్పా, మోకుల సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలవదు," అని కంపెనీ సావుకారు కూడా భారమంతా ఆయన మీదే వేశాడు.

అట్లాంటి ఒక పొద్దున బాబాయి ఒక పాత మోకు పురి విప్పి చూడటం నేను చూశాను. పీచు రాలింది. ఆయన కత్తి తీశాడు. నీడన కూర్చున్న హమాలీల వైపు చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. కత్తి మొలలో దోపుకుని, ఆ మోకును అన్నిటితో కలపకుండా విడిగా ఒక మేకుకు తగిలించాడు. "ఇది లోడుకు కాదురా. పైన పట్టా ఎగరకుండా కట్టడానికి మటుకే," అని అందరికీ వినపడేలా చెప్పాడు. విననివాళ్ళు కూడా ఉంటారని ఆయనకు తట్టలేదు. పట్టాకు కట్టే గట్టి మోకు లోడుకు మిగిలింది, ఆ కాసేపటికి పని దొరికిందని అందరం సంబరపడ్డాం. నేనూ సంబరపడ్డాను.

మధ్యాహ్నం లోడు చేస్తుంటే ఒక మోకు చాలలేదు. కింద ఉన్నవాడెవడో చేతికందింది విసిరాడు. మా ఆయన అందుకుని, బస్తాకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మోకు తెగినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. ఎండు పుల్ల విరిగినట్టయింది. నేను తలెత్తేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. తెగిన కొస ఇంకా చేతిలోనే ఉంది. బాబాయి పరుగెత్తుకొచ్చాడు. ముందు ఆ కొసను చూశాడు, తర్వాత మా ఆయన మొహం చూశాడు. "నేనే గదరా, నేనే గదరా," అంటూ అక్కడే కూలబడ్డాడు.

తుంటి విరిగింది. ప్రాణం నిలిచింది గానీ మా ఆయన మళ్ళీ బస్తా ఎత్తలేదు. మా అత్త వాకిట్లో నిలబడి, "పీనాసి ముండాకొడుకు, పాత తాడు కోసం నా బిడ్డ నడుం ఇరగ్గొట్టాడు," అని వీధి వీధంతా వినపడేలా శాపనార్థాలు పెట్టింది. మంచం మీద నుంచి మా ఆయన, "మోకు తెగిందమ్మా. బాబాయేం తెంపలా," అనేవాడు.

నెల తిరక్కుండా బాబాయి సావుకారుతో మాట్లాడి మోకులు చూసే పని నాకు అప్పగించాడు. ఆడమనిషి మోకులు చూడటమేంటని హమాలీలు నవ్వారు. "దాని మొగుడు పడ్డాడు. మీ అందరికన్నా అదే బాగా చూసుద్ది," అన్నాడు. తన కత్తి నా చేతిలో పెట్టాడు. నేను మొదటి మోకు కోస్తుంటే పక్కన నిలబడి చూశాడే గానీ చెయ్యి వెయ్యలేదు.

"అడగడం నేర్పా నీకు," అన్నాడు. "అది ఇంక నా వల్ల గాదంటే నమ్మాలమ్మా. అది నేర్పలా. ఆరోజు మోకు చెప్పింది. నేనే వినదల్చుకోలా."

మా ఆయన కోలుకుని, కర్ర సాయంతో వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుని సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. "ఏం వదినా, కుట్టు కుదరలేదే," అని వాళ్ళు ఆయన్ని ఏడిపించేవాళ్ళు. ఆయన వాళ్ళను మించి వాగేవాడు. బాబాయి వస్తే మాత్రం నవ్వులు ఆగిపోయేవి. ఆయన మా ఇంటికి కూడా వచ్చేవాడు. బొగ్గు ఉండల గంప గోడ మీద పెట్టి, వీధిలోనే నిలబడేవాడు.

"లోపలికి రా బాబాయ్, నిన్నేం కొరుక్కు తింటానా?" అని మా ఆయన అరిచేవాడు.

"చేతులన్నీ మసిరా. మళ్ళీ వస్తాలే."

చేతులు కడుక్కోవడానికి నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళేసరికి సందు మలుపు తిరిగిపోయేవాడు. మా గడప ఆయన ఒక్కసారి కూడా దాటలేదు. ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మా ఆయన కర్ర అందుకుని లేచేసరికి ఆలస్యమయ్యేది. నాకేమో పెద్దాయన చెయ్యి పట్టుకోవడానికి మొహమాటం. అట్లా రోజులు గడిచిపోయాయి.

తర్వాత ఆయన నాదెండ్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. స్వరాజ్యం వచ్చిన తర్వాతి ఎండాకాలంలో ఆయన పోయాడని కబురొచ్చింది. ఇద్దరం బండి కట్టించుకుని వెళ్ళేసరికి పెట్టె గొయ్యి దగ్గరికి చేరింది. దించడానికి రెండు మోకులు తెచ్చి నేల మీద పరిచారు. నేను ముందుకు వెళ్ళి, వంగి, ఒక మోకు తీసుకుని పురి విప్పాను. గోటితో గీకి వాసన చూశాను. రెండోదీ చూశాను.

"ఏందమ్మా అది? లెగు, అవతల ఎండెక్కుతుంది," అని ఎవరో కసిరారు.

"చూడనియ్యండయ్యా," అన్నాడు మా ఆయన కర్ర మీద వాలి. "ఆయన నేర్పిందే."

రెండూ గట్టిగానే ఉన్నాయి. లేచి పక్కకు తప్పుకున్నాను. పెట్టె కుదుపు లేకుండా కిందికి దిగింది.

గోనెపట్టా ఆరింది. కోడలు వినేలా దాన్ని రెండుసార్లు అడిగాను. గుమ్మంలో ఇంకొన్నాళ్ళు పడి ఉంటానంది. దాని పక్కనే దండెం తాడు వేలాడుతోంది. పురి విప్పి చూస్తే లోపల పొడి రాలింది. కత్తిపీట తెచ్చుకుని, ఎవరూ తీసి కట్టకుండా దాన్ని జానెడు ముక్కలుగా కోశాను.