ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క కొట్టివేత

దర్శి రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో బల్ల వేసుకుని కూర్చునే చెంచురామయ్య అక్షరం చూసి, సంతకం రానివాళ్లు కూడా కాగితం కళ్లకద్దుకునేవాళ్లు. చదివింది ఊళ్లో ఎనిమిదో తరగతి. రాసింది నాలుగువేల పైచిలుకు దస్తావేజులు. ఒక్కటీ వెనక్కి రాలేదు. ప్రతి దస్తావేజు చివరా ఎన్ని మాటలు కొట్టేశారో రాసి లేఖరి సంతకం పెట్టాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన రాసింది ఒకటే: ‘కొట్టివేతలు లేవు’.

రెండువేల రెండులో పక్క గదిలో నజీరా అనే అమ్మాయి దస్తావేజులు టైపు చేయడానికి కంప్యూటర్ పెట్టింది. తప్పు పడితే చెరిపేస్తుంది, జాడ కూడా మిగలదు. “అదీ ఒక విద్యేనా?” అని ఆయన వచ్చేపోయేవాళ్లందరితో అన్నాడు. ఆర్నెల్లలో ఆయన బల్ల ముందు బెంచీ ఖాళీ అయింది.

చివరికి కోటిరత్నం కూడా, ఇద్దరు కొడుకులకు మిరపచేను పంచడానికి, ఆయన బల్ల దాటి నజీరా గదిలోకి నడిచింది. ఆమె మామగారి కొనుగోలు కాగితం రాసింది ఆయనే.

“ఏం రత్నమ్మా, మా అక్షరం చేదయిందా?”

“అదేం కాదన్నయ్యా. ఆ పిల్లయితే గంటలో ఇచ్చేస్తది.”

గంటలో! ఆయనకు ఒళ్లంతా మిరపకారం పూసినట్టయింది.

నజీరా పాత పంపకాల ఫైలు తెరిచి, అందులోనే పేర్లూ హద్దులూ మార్చి కోటిరత్నం దస్తావేజు టైపు చేసింది. ప్రింటరుకు ఇంకు అయిపోతే బజారుకు బయల్దేరుతూ ఆయన్నే పిలిచింది.

“బాబాయ్‌గారూ, కరెంటు పోతే యూపీఎస్ కూస్తుంది, ఆ తర్వాత అయిదు నిమిషాలే పనిచేస్తుంది. ఫైలు మూసేయండి. సేవ్ చేయాలా అని అడుగుద్ది, ఎస్ నొక్కండి చాలు. మీరున్నారనే ధైర్యంతో పోతున్నా.”

కరెంటు పోనే పోయింది. ఆయన వెళ్లి ఫైలు మూయబోయాడు. మార్పులు దాచమంటావా అని ఇంగ్లీషులో ఒక పెట్టె లేచింది. కూడబలుక్కుని చదివాడు. ఎస్, నో, క్యాన్సిల్. అంతా అర్థమైంది. చెయ్యి ఎస్ మీదికే వెళ్లింది. ‘గంటలో ఇచ్చేస్తది.’ చెయ్యి పక్కకు జరిగింది. నో నొక్కాడు. పెట్టె మాయమైంది.

కరెంటు వచ్చాక నజీరా తెరిచి చూస్తే పాత పంపకాల పేర్లే ఉన్నాయి.

“ఎస్ నొక్కారా బాబాయ్?”

“ఏదో నొక్కా. నా ఇంగ్లీషు నీకు తెలియందేముంది!”

“తప్పు నాదేలెండి. పోయేముందే సేవ్ చేయాల్సింది.”

మళ్లీ టైపు మొదలుపెట్టిందో లేదో మళ్లీ కరెంటు పోయింది. కోటిరత్నం లబోదిబోమంది. “పెద్దోడికి చీమకుర్తి క్వారీలో రేపు సెలవు లేదు. అన్నయ్యా, నువ్వే రాయాలి!”

ఈ మాట కోసమే గదా ఆర్నెల్లుగా కాచుకుంది! జనం చుట్టూ మూగారు. కలం పరుగెత్తింది. నజీరా పక్కన నిలబడి, కాగితం గాలికి లేవకుండా పట్టుకుని, పాత కొనుగోలు కాగితంలోంచి హద్దులు చదివి చెప్పింది. ముప్పావుగంటలో చివరి వరుసకు వచ్చాడు. ‘కొట్టివేతలు’ అని రాశాడు. తర్వాతి మాటకు కలం కదల్లేదు.

“ఏమైంది బాబాయ్?”

“నో నొక్కింది నేనే. తెలిసే నొక్కా.”

నజీరా కాగితం మీద చెయ్యి తీసేసింది. కాగితం అంచు రెపరెపలాడింది. కాసేపటికి మళ్లీ చెయ్యి ఆనించింది. “ముందు పూర్తి చేయండి. ఆఫీసు మూసేస్తారు.”

‘లేవు’ అని రాశాడు. తయారుచేసినవారు అన్నచోట షేక్ నజీరా అని పెట్టి, దాని కింద చేతిరాత మాత్రమే తనదని సంతకం చేశాడు.

మర్నాడు కరెంటు నిలకడగా ఉంది. నజీరా గది ముందు ఏడుగురు నిలబడ్డారు. ఆయన మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. ఏడుగురే. కడుపులో మంట అలాగే ఉంది.